విదేశీ భాషలో బీఏ: ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచే చదివే పద్ధతి

జర్మన్‌లో 'మియర్ ఇస్ట్ కల్ట్' అంటారు. మాటకు మాట పెడితే 'నాకు చలిగా ఉంది'. తెలుగు వచ్చినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు, చలి మనకు వేస్తుంది, మనమే చలి అయిపోం. అయినా మొదటి సెమిస్టర్ తెలుగు విద్యార్థులు ఎక్కువమంది 'ఇహ్ బిన్ కల్ట్' అని రాస్తారు. మనసులో ముందు ఇంగ్లీషు వాక్యం కట్టుకుని, దాన్ని జర్మన్‌లోకి తిప్పడం వల్ల వచ్చే తప్పు ఇది. పాఠ్యపుస్తకాల్లో వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, క్లాసు ఇంగ్లీషులో మొదలవుతుంది, కాబట్టి దారి అదేననుకుంటారు. కానీ విదేశీ భాషల్లో ఇంగ్లీషు కంటే తెలుగుకే దగ్గరగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని వదులుకోకూడదు. అలాగే తెలుగు నాలుక అడ్డుపడే చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని ముందే తెలుసుకుంటే ఏడాది శ్రమ మిగులుతుంది.

ఈ వ్యాసం విదేశీ భాషను బీఏ ఆనర్స్‌గా, లేదా డిప్లొమాగా యూనివర్సిటీలో చదవబోతున్న తెలుగు విద్యార్థుల కోసం. అచ్చు సౌకర్యం కోసం విదేశీ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం. మీ నోటుబుక్కులో మాత్రం ఆ పని చేయకండి, ఎందుకో కింద చెబుతాం.

చేరేముందు గంటలు లెక్కపెట్టండి

మన దగ్గర ఈ చదువుకు పెద్ద చిరునామా హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషల్ని కలుపుకుంది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పాతవాళ్ళు ఇప్పటికీ పాత పేరుతో సీఫెల్ అనే అంటారు. ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. అక్కడ బీఏ ప్రవేశాలు 2022 నుంచి దేశమంతటికీ ఉమ్మడిగా జరిగే ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా జరుగుతున్నాయి. మిగతా యూనివర్సిటీల పద్ధతులు వేరువేరు, ఏటా మారుతుంటాయి కూడా. అందుకని ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ నోటిఫికేషన్‌ను ఆ ఏడాదిదే చదవాలి. ఈ కోర్సుల్లో చాలావాటికి భాష ముందే వచ్చి ఉండక్కర్లేదు, అక్షరాల దగ్గర్నుంచే మొదలుపెడతారు.

ప్రాస్పెక్టస్‌లో అందరూ ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్ చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది సిలబస్‌లోని క్రెడిట్లు. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటల క్లాసు. మొదటి సెమిస్టర్‌లో భాషనే నేర్పే పేపర్లు నాలుగు ఉండి, ఒక్కొక్కటి 4 క్రెడిట్లయితే వారానికి 16 గంటలు, సెమిస్టర్‌కు 240, ఏడాదికి 480 గంటలు. దీన్ని జర్మన్ నేర్పే గోతే ఇన్‌స్టిట్యూట్ లెక్కతో పోల్చండి. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ మెట్లు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు, ఏ1 అన్నిటికన్నా కిందిది. బీ1 స్థాయికి సుమారు 350 నుంచి 650 పీరియడ్లు, బీ2కి 600 నుంచి 800, సీ1కి 800 నుంచి 1000 అని వాళ్ళ అంచనా. అక్కడ పీరియడ్ అంటే 45 నిమిషాలు. మీ 480 గంటలు 640 పీరియడ్లవుతాయి. అంటే సరిగా చదివితే మొదటి ఏడాది చివరికి బీ1 అందుతుంది. సిలబస్‌లో భాష పేపర్లు రెండే ఉండి, మిగతావన్నీ ఇతర సబ్జెక్టులైతే అదే స్థాయికి రెండేళ్ళు పడుతుంది. డిగ్రీ పేరు ఒకటే, లోపల సరుకు వేరు.

జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ తీసుకునేవాళ్ళు ఈ లెక్క నమ్ముకోకూడదు. అమెరికా విదేశాంగశాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థలో ఈ నాలుగింటికీ 88 వారాలు, 2200 క్లాసు గంటలు కేటాయిస్తారు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క. జపనీస్, కొరియన్ వ్యాకరణంలో తెలుగువాళ్ళకు బోలెడంత కలిసివస్తుంది. జపనీస్‌లో చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల బరువు మాత్రం ఎవరికైనా ఒకటే.

హాజరు గురించి ఒక్కమాట. 75 శాతం ఉంటే చాలు కదా అని మిగతాది ఎగ్గొడితే, పై లెక్క ప్రకారం ఏడాదికి 120 గంటలు పోతాయి. చరిత్ర పేపర్ అయితే నోట్సు తెచ్చుకుని చదువుకోవచ్చు. భాష క్లాసులో నోట్సు మీద ఉండేది పదోవంతే, మిగిలిందంతా చెవిలో, నోట్లో జరిగే పని.

డిప్లొమా, సర్టిఫికెట్ కోర్సులు సాయంత్రం వారానికి నాలుగైదు గంటలే ఉంటాయి. వాటితో ఏడాదికి ఏ2 దాకా వెళ్తే మంచి ఫలితం కిందే లెక్క. అక్కడ బీ2 ఆశించి చేరితే నిరాశ తప్పదు.

మొదటి ఆరు వారాలు నాలుకకే

ఉచ్చారణ తర్వాత చూసుకుందాంలే అనుకునేవాళ్ళు మూడో ఏడాదిలో కూడా దాన్ని సరిదిద్దుకోలేరు. మొదటి ఆరు వారాల్లో రోజుకు 20 నిమిషాలు దీనికే ఇవ్వాలి.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఆగదు. బస్ బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది. ఇదే అలవాటు జర్మన్‌లో 'హెర్బ్‌స్ట్' అన్న మాట చివర ఒక చిన్న 'ఉ' తగిలిస్తుంది. హెర్బ్‌స్ట్ అంటే శరదృతువు. చివర నాలుగు హల్లులు వరుసగా వస్తాయి. అలవాటు పోగొట్టడానికి ఒక పద్ధతి ఉంది. హల్లులతో ముగిసే పది మాటలు ఎంచుకుని, ఫోన్‌లో రికార్డు చేసి, వేగం సగానికి తగ్గించి వినండి. తోక అచ్చు సగం వేగంలో స్పష్టంగా దొరుకుతుంది. మామూలు వేగంలో మన తప్పు మన చెవికి పట్టదు. రెండు వారాలు రోజూ చేస్తే పోతుంది.

రెండోది ట, త గొడవ. మన పత్రికలు విదేశీ పేర్లన్నిటికీ ట, డ రాస్తాయి కాబట్టి ఫ్రెంచ్ మాటల్ని కూడా నాలుక మడిచి, మూర్ధన్యాలతోనే పలుకుతాం. ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో ఆ ధ్వని మన 'త'కు దగ్గర. నాలుక పళ్ళకు తగలాలి, ఊపిరి బయటికి కొట్టకూడదు. ఫ్రెంచ్‌లో ప, త, క అచ్చంగా మనవే. ఇంగ్లీషు అలవాటుతో గాలి వదలడం వల్లే విదేశీ యాస వస్తుంది. జర్మన్‌లో మాత్రం ఉల్టా. నాలుక కొన పళ్ళ వెనక చిగురు మీద ఆనాలి, గాలి వదలాలి, కానీ 'ట'లా వెనక్కి మడవకూడదు.

మూడోది మనకు వరం. తెలుగులో దంత్య చకారం ఉంది. 'చాప', 'చుక్క' అన్నప్పుడు పలికే చ వేరు, 'చిలక'లో చ వేరు. జర్మన్‌లో ఇంగ్లీషు జడ్ అక్షరంతో రాసే ధ్వని సరిగ్గా ఆ 'చుక్క'లోని చ. జపనీస్ 'త్సునామీ'లో మొదటి ధ్వని కూడా అదే. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు దీన్ని 'జ' అనో 'స' అనో పలుకుతారు. తెలుగువాళ్ళకు సాధనే అవసరం లేదు, చుక్క గుర్తుంటే చాలు. అలాగే స్పానిష్‌లో 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. గొర్రెలో 'ర్రె' పలికేవాళ్ళకు ఇది కష్టమే కాదు. జపనీస్‌లో 'ఒజిసన్' అంటే మామ వరస ఆయన, 'ఒజీసన్' అంటే తాత. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు ఉన్న భాషలో పుట్టిన చెవి ఈ తేడాల్ని మొదటి రోజే పడుతుంది.

తెలుగులో అసలు లేని అచ్చులు ఫ్రెంచ్, జర్మన్‌లలో ఉన్నాయి. ఒకదానికి ఉపాయం: 'ఈ' అంటూ ఉండండి, నాలుక కదపకుండా పెదాల్ని మాత్రం 'ఊ' అన్నట్టు చుట్టండి. అదే ధ్వని. 'ఏ' అంటూ పెదాలు చుడితే రెండోది వస్తుంది. అద్దం ముందు చేయాలి, లేకపోతే పెదాలతోపాటు నాలుక కూడా వెనక్కి జారుతుంది.

ఇక లిపి. నోటుబుక్కులో కొత్త మాట పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం ఎందుకు వద్దంటే, కన్ను ఎప్పుడూ తెలిసిన లిపి మీదే పడుతుంది. ఆరు నెలలైనా అసలు అక్షరాలు చదవడం రాదు. పైగా తెలుగు అక్షరాల్లో లేని ధ్వనులన్నీ దగ్గరి తెలుగు ధ్వనుల్లోకి ఒరిగిపోతాయి. జపనీస్‌లో ధ్వనులు రాసే హిరగాన లిపికి 46 అక్షరాలు, రోజుకు ఐదు చొప్పున పది రోజుల పని. తర్వాత అన్నే అక్షరాలున్న రెండో లిపి కతకాన. జపనీస్ నిఘంటువు వరస అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల వరస గుర్తొస్తోంది కదా. బౌద్ధంతోపాటు వెళ్ళిన సంస్కృత వర్ణక్రమమే దానికి ఆధారం. అందుకని జపనీస్ అక్షరక్రమాన్ని గుణింతంలాగే వల్లెవేయవచ్చు.

కంజికి మాత్రం మొదటి రోజు నుంచే లెక్క ఉండాలి. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార జాబితాలో 2136 అక్షరాలున్నాయి. రోజుకు మూడు చొప్పున 712 రోజులు, అంటే రెండేళ్ళలోపే. పరీక్ష ముందు వారంలో నూటయాభై బట్టీపట్టినవి తర్వాతి నెలలో పది కూడా మిగలవు. ఏ కంజినీ ఒంటరిగా నేర్చుకోవద్దు. దానితో ఏర్పడే రెండు మాటలతో కలిపి నేర్చుకోండి, ఎందుకంటే ఒకే అక్షరానికి మాటను బట్టి చదివే తీరు మారుతుంది.

వ్యాకరణం సగం మనకు తెలిసిందే

జపనీస్ దగ్గర్నుంచి మొదలుపెడదాం. 'వతషి వ గొహన్ ఒ తబెమస్' అంటే 'నేను అన్నం తింటాను'. వరస మారదు. 'నిన్న కొన్న పుస్తకం' అనడానికి 'కినో కత్త హొన్'. విశేషణం ముందు, నామవాచకం వెనక, మధ్యలో 'విచ్', 'దట్' లాంటి అతుకులేమీ లేవు. 'వెళ్తాను అని చెప్పాడు'లో 'అని' చేసే పని అక్కడ 'తో' చేస్తుంది. ఇంకా ముందుకు వెళ్తే, 'తబెతె మిరు' అంటే 'తిని చూడు'. 'మిరు' అంటే చూడటమే. 'తబెతె షిమత్త' అంటే 'తినేశాను'. 'కత్తె ఒకు' అంటే 'కొనిపెట్టి ఉంచు'. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం వీటిలో ఒక్కోదానికి ఒక పేజీ వివరణ ఇస్తుంది. ఆ పేజీ మార్జిన్‌లో తెలుగు మాట ఒకటి రాసుకుంటే చాలు. క్రియారూపం విషయంలో కూడా, 'రోజూ వెళ్తాను', 'రేపు వెళ్తాను' రెండింటికీ మనకు ఒకే రూపం, వాళ్ళకూ అంతే.

దెబ్బ తినే చోటు కూడా ఉంది. మన 'లో' అక్కడ రెండుగా చీలుతుంది. 'తోక్యోలో ఉంటున్నాను'కు 'ని', 'తోక్యోలో పనిచేస్తున్నాను'కు 'దె'. ఉనికి అయితే ఒకటి, పని అయితే ఇంకొకటి. తెలుగువాళ్ళ జపనీస్ కాంపోజిషన్‌లో పదేపదే దొరికే తప్పు ఇదే. ఈ ఒక్కదానికి విడిగా యాభై వాక్యాలు రాసి దిద్దించుకోండి.

ఫ్రెంచ్, స్పానిష్‌లలో అందర్నీ వేధించేది రెండు భూతకాలాల మధ్య తేడా. ఇంగ్లీషులో 'వెంట్' ఒక్కటే కాబట్టి ఇంగ్లీషు మీదుగా ఆలోచిస్తే తేడా పట్టుబడదు. తెలుగులో 'నిన్న వెళ్ళాను' వేరు, 'చిన్నప్పుడు వెళ్ళేవాణ్ణి' వేరు. 'అప్పుడు ఇల్లు పెద్దగా ఉండేది' అన్నప్పుడు 'ఉండేది' ఎందుకు వాడామో మనకెవరూ నేర్పలేదు. ఫ్రెంచ్‌లో అంపర్‌ఫే అనే కాలం సుమారుగా అక్కడే వస్తుంది. 'వెళ్ళేవాణ్ణి, ఉండేది' అనిపించిన చోట అది, 'వెళ్ళాను, వచ్చింది' అనిపించిన చోట పస్సే కంపోజే. ఈ కొలత నూటికి నూరూ పనిచేయదు. 'నేను వచ్చేసరికి వాన పడుతోంది' లాంటి వాక్యంలో 'పడుతోంది'కి కూడా అంపర్‌ఫే కావాలి. ఆ ఒక్క మినహాయింపు విడిగా గుర్తుపెట్టుకోండి.

రష్యన్‌లో వర్తమానంలో 'ఉండు' క్రియ రాదు. 'యా స్తుదెంత్' అంటే 'నేను విద్యార్థిని'. మధ్యలో 'యామ్' లేదు, మనకూ లేదు. 'నాకు పుస్తకం ఉంది', 'నా దగ్గర పుస్తకం ఉంది' అంటామే తప్ప కలిగి ఉండటానికి వేరే క్రియ వాడం. రష్యన్ కూడా అంతే, 'నా దగ్గర' అన్నదే వాళ్ళ పద్ధతి. అరబిక్‌లో 'అన తాలిబ్' కూడా 'నేను విద్యార్థిని' అన్నంత సూటిగా ఉంటుంది. రష్యన్‌లో కష్టం వేరేచోట ఉంది. 'వెళ్ళు' అన్న ఒక్క మాటకు నడిచి వెళ్ళడమా, బండి మీదా, ఒకసారా, రోజూనా అని క్రియ మారుతుంది. ఆ పాఠం వచ్చే సెమిస్టర్‌లో మిగతా పనులు తగ్గించుకోవాలి.

జర్మన్‌లో 'నాకు నచ్చింది' తరహా వాక్యాలు, ను-కు విభక్తుల తేడా మనకు సులువు. ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం కూడా సహజంగానే అనిపిస్తుంది. 'అతను రేపు వస్తాడని తెలుసు'లో వచ్చే క్రియ ఎక్కడుందో చూడండి. మనల్ని ఆపేది లింగం. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి ఉంటుంది, మగవాళ్ళకు 'డు', మిగతా అన్నిటికీ 'ది'. ఆమె వచ్చింది, బండీ వచ్చింది. జర్మన్‌లో బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం, కిటికీ నపుంసకం. ఇందులో తర్కం వెతకొద్దు. మాటను ఆర్టికల్‌తో కలిపే ఒకే మాటగా నేర్చుకోండి, మూడింటికి మూడు రంగుల పెన్నులు వాడండి. కొన్ని ప్రత్యయాలు మాత్రం నమ్మదగ్గవి: 'ఉంగ్', 'హైట్', 'కైట్'తో ముగిసేవి స్త్రీలింగం, 'షెన్'లా వినిపించే, చిన్నది అనే అర్థమిచ్చే ప్రత్యయంతో ముగిసేవి నపుంసకం. ఈ కారణంగానే అమ్మాయి అనే మాట 'మేట్‌షెన్' వ్యాకరణంలో నపుంసకం. లింగాలు వదిలేసి మాటలు నేర్చుకున్నవాళ్ళకు రెండో సెమిస్టర్‌లో విభక్తులు వచ్చేసరికి నేర్చుకున్న ప్రతి మాటనూ మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తుంది.

నువ్వు, మీరు తేడా ఉన్న భాషలు మనకు ఇల్లులాంటివి. ఫ్రెంచ్ త్యు-వూ, జర్మన్ దూ-జీ, రష్యన్ తీ-వీ. కానీ గీత గీసే చోటు ఒకటి కాదు. మనం పెద్దవాళ్ళను మీరు అంటాం. జర్మన్ ఇళ్ళలో తాతను, నాన్నమ్మను కూడా పిల్లలు 'దూ' అనే అంటారు. అక్కడ 'జీ' దూరానికి గుర్తు, వయసుకు కాదు.

వారం ఎలా గడవాలి

క్లాసు 16 గంటలయితే సొంత చదువు కనీసం 12 గంటలుండాలి. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోవడం కన్నా రోజూ రెండు గంటలు మేలు. ఆ రెండు గంటల్లో మొదటి ఇరవై నిమిషాలు ఆ రోజు క్లాసులో విన్న వాక్యాల్ని పుస్తకం చూడకుండా రాయడానికి. తర్వాత మాటలు. అంకి లాంటి కార్డుల యాప్‌లో రోజుకు 15 కొత్త కార్డులు మించొద్దు. మొదటి వారం తేలికగా ఉందని 40 పెట్టుకుంటారు, నెల తిరిగేసరికి రోజుకు మూడునాలుగు వందల పునశ్చరణలు పేరుకుని యాప్‌నే వదిలేస్తారు. 15 చొప్పున 300 రోజులకు 4500 మాటలు, అది చిన్న సంఖ్య కాదు. కార్డు మీద ఒంటి మాట కాకుండా చిన్న వాక్యం పెట్టండి. వెనక వైపు అర్థం తెలుగులో రాయండి.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది డిక్టేషన్, అందరూ వదిలేసేదీ అదే. ఒక నిమిషం ఆడియో, దానికి రాతప్రతి ఉన్నది తీసుకోండి. మొదటిసారి పెన్ను ముట్టకుండా వినాలి. రెండోసారి ఆపుతూ రాయాలి. మూడోసారి ఆపకుండా వింటూ దిద్దుకోవాలి. అప్పుడు రాతప్రతితో పోల్చాలి. తప్పుల్ని మూడు రకాలుగా గుర్తుపెట్టండి: మాటే తెలియదు, మాట తెలుసు కానీ వినబడలేదు, విన్నాను కానీ స్పెల్లింగ్ తప్పు. నెల తర్వాత ఏ రకం ఎక్కువో లెక్కేస్తే తర్వాతి నెల ఏం చదవాలో తేలిపోతుంది. రెండో రకం ఎక్కువైతే ఇంకా మాటలు నేర్చుకుని లాభం లేదు, వినడమే పెంచాలి. జర్మన్‌కు డాయిచె వెల్లె నెమ్మదిగా చదివే వార్తలు, ఫ్రెంచ్‌కు ఆర్‌ఎఫ్‌ఐ సులభ ఫ్రెంచ్ వార్తలు, జపనీస్‌కు ఎన్‌హెచ్‌కే సులభ వార్తలు ఇందుకు బాగుంటాయి.

మాట్లాడటానికి తోడు కావాలి. హైదరాబాద్ క్యాంపస్‌లలో విదేశీ విద్యార్థులుంటారు, వాళ్ళకు ఇంగ్లీషో, తెలుగో, హిందీయో కావాలి. అరగంట వాళ్ళ భాష, అరగంట మన భాష అని గడియారం పెట్టుకోండి. గడియారం లేకపోతే పది నిమిషాల్లో ఇద్దరూ ఇంగ్లీషులోకి జారిపోతారు. అలాంటివాళ్ళు దొరక్కపోతే క్లాసులోని స్నేహితుడితోనే వారానికి మూడుసార్లు అరగంట. తప్పులు అంటుకుంటాయేమోనని భయపడి అసలు నోరు విప్పకపోవడం దానికన్నా పెద్ద నష్టం.

వారానికి 150 మాటల రచన ఒకటి లెక్చరర్‌కు ఇవ్వండి. తప్పు ఎక్కడుందో గీత గీస్తే చాలని, సరైన రూపం రాయొద్దని అడగండి. సరైనది రాసిస్తే తల ఊపి పక్కన పెడతాం, గీత మాత్రమే ఉంటే వెతుక్కుంటాం. రెండు రోజుల్లోపు మళ్ళీ రాసి చూపించాలి.

ఎక్కడ జారతారు

రెండో సెమిస్టర్ ప్రమాదకరం. మొదటి సెమిస్టర్‌లో పలకరింపులు, సంఖ్యలు, మార్కెట్ సంభాషణలు, మార్కులూ బాగా వస్తాయి. రెండోదాంట్లో విభక్తులు, కాలాలు ఒక్కసారిగా మీదపడతాయి. ఇంటర్లో ఫ్రెంచ్ రెండో భాషగా తీసుకున్నవాళ్ళు ఇక్కడే ఎక్కువ ఇబ్బంది పడతారు. మొదటి నాలుగు నెలలు క్లాసులో తెలిసిందే చెబుతున్నారనిపించి, చదివే అలవాటు పోతుంది. ఇంటర్ మార్కులు ప్రశ్న-జవాబులు గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చినవైతే, వినడం, మాట్లాడటం సున్నా దగ్గరే ఉంటాయి. అలాంటివాళ్ళు మొదటి వారంలోనే ఏ1 నమూనా శ్రవణ పరీక్ష ఒకటి రాసి చూసుకుంటే తమ స్థాయి తెలుస్తుంది.

యంత్రానువాదం వాడకం ఇంకొక గొయ్యి. తెలుగు వాక్యం ఇస్తే అది ఇంగ్లీషు మీదుగా వెళ్ళినప్పుడు నువ్వు-మీరు తేడా, మనం-మేము తేడా చెరిగిపోతాయి. లెక్చరర్‌కు రాసే ఉత్తరంలో 'దూ' వచ్చి కూర్చుంటుంది. వాడాలంటే వరస ఇది: ముందు సొంతంగా రాయాలి, తర్వాత యంత్రం ఇచ్చినదాంతో పోల్చాలి, తేడా ఉన్న ప్రతిచోటా కారణం నిఘంటువులో వెతకాలి. రెండో ఏడాది నుంచి ఆ భాషలోనే అర్థం చెప్పే నిఘంటువు వాడండి. జర్మన్ దూడెన్, స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి.

బయటి పరీక్ష ఎప్పుడు రాయాలి

ఉద్యోగ ప్రకటనల్లో బీఏ కన్నా బీ2, ఎన్2 (జపనీస్ పరీక్షలో పైనుంచి రెండో మెట్టు) అనే మాటలే ఎక్కువ కనబడతాయి. అందుకని డిగ్రీతోపాటు అంతర్జాతీయ పరీక్ష ఉండాలి. ప్రతి మెట్టూ రాస్తూ డబ్బు ఖర్చు చేయొద్దు. ఏ1, ఏ2 వదిలేయండి. మొదటి ఏడాది చివర బీ1, మూడో ఏడాది మొదట్లో బీ2 చాలు.

గోతే బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు. దేనికదే నూటికి 60 తెచ్చుకోవాలి, పోయిన భాగం ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. ఫ్రెంచ్ డెల్ఫ్‌లో నాలుగు భాగాలకు 25 చొప్పున మొత్తం 100. 50 వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. హైదరాబాద్‌లో జర్మన్‌కు గోతే సెంట్రమ్, ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి, తేదీలు వాళ్ళ దగ్గర తెలుస్తాయి. జపనీస్ జేఎల్‌పీటీ జులైలో, డిసెంబర్‌లో జరుగుతుంది. దరఖాస్తు కొన్ని నెలల ముందే ముగుస్తుంది, కేంద్రాల్లో సీట్లు త్వరగా నిండుతాయి. ఎన్2కి 180కి 90, ఎన్1కి 100 రావాలి, మూడు విభాగాల్లో ప్రతిదానిలోనూ కనీసం 19 ఉండాలి. ఈ పరీక్షలో మాట్లాడే భాగం, రాసే భాగం లేవు. అందుకే ఎన్2 సర్టిఫికెట్ చేతిలో ఉండి ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు కలపలేనివాళ్ళు కనబడతారు. ఎన్2కి చదువుతున్న ఆరు నెలలూ వారం వారం రచన, సంభాషణ ఆపొద్దు.

సాహిత్యం వచ్చినప్పుడు

మూడో ఏడాదిలో నవలలు, కవితలు, భాషాశాస్త్రం, అనువాదం వస్తాయి. ఇంగ్లీషు అనువాదం చదివి పరీక్ష గట్టెక్కడం తేలిక, కానీ అప్పుడు మూడో ఏడాదంతా భాష పెరగదు. దీనికి మందు రెండో ఏడాదిలోనే వేయాలి. రోజుకు రెండు పేజీల సులభ కథ, పేజీకి ఐదు మాటలకు మించి వెతక్కుండా. పదిహేను మాటలు తెలియకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి తేలికది తీసుకోండి.

అనువాదం పేపర్ సాధారణంగా ఇంగ్లీషులోకే ఉంటుంది. అయినా అదే భాగాన్ని తెలుగులోకి కూడా చేసి పెట్టుకోండి. ఒకప్పుడు మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం తెలుగు పుస్తకాలు అచ్చువేసి మన ఊళ్ళదాకా పంపింది. రాచమల్లు రామచంద్రారెడ్డి అక్కడ అనువాదకుడిగా పనిచేశారు. ఆ తరం పిల్లలు రష్యన్ కథలు తెలుగులో చదివి పెరిగారు. ఇవాళ జర్మన్, జపనీస్, స్పానిష్ నుంచి నేరుగా తెలుగులోకి తేగలిగినవాళ్ళు చాలా తక్కువ. ఎక్కువ పుస్తకాలు ఇంగ్లీషు మీదుగానే వస్తున్నాయి. మూడేళ్ళు ఆ భాష చదివినవాళ్ళకు ఈ పని చేసే హక్కూ ఉంది, అవకాశమూ ఉంది. నెలకు ఒక చిన్న కథ చొప్పున చేసినా డిగ్రీ అయ్యేసరికి చూపించడానికి ఒక సంపుటి తయారవుతుంది. ప్రచురించే ముందు మూల రచయిత హక్కుల అనుమతి మాత్రం తప్పనిసరి.

విదేశం వెళ్ళే దారులు

జపనీస్ బీఏ వాళ్ళకు జపాన్ ప్రభుత్వం తన విద్యాశాఖ మెక్స్ట్ కింద జపాన్ అధ్యయన విద్యార్థుల స్కాలర్‌షిప్ ఇస్తుంది, సుమారు ఏడాదిపాటు అక్కడి యూనివర్సిటీలో చదవచ్చు. ఎంబసీ ద్వారా దరఖాస్తు చేయాలి. జర్మన్ వాళ్ళకు జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. రెండింటికీ మార్కుల పత్రాలు, లెక్చరర్ సిఫారసు లేఖ, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారో చెప్పే లేఖ కావాలి. ఆ లేఖలో భాషంటే ఇష్టం అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ విషయం చదవాలనుకుంటున్నారు, అది ఇక్కడ ఎందుకు దొరకదు, తిరిగొచ్చాక ఏం చేస్తారు అని రాయండి.

గడువుకు పది రోజుల ముందు సిఫారసు అడిగితే ఆ లేఖ రెండు లైన్లే ఉంటుంది. నెల ముందు, మీ రచనల ఫైలుతోసహా వెళ్ళి అడగండి. మొదటి ఏడాదిలోనే పాస్‌పోర్టు తీసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోండి. ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. దాన్ని సరిచేయించడానికి నెలలు పట్టవచ్చు, స్కాలర్‌షిప్ గడువు అంతదాకా ఆగదు.